వాటం

మున్సిపల్ ఆఫీసు గోడ మీద అంటించిన కాగితంలో
ఆఖరి పేరు నాది.
ముద్దాడ రోహిణి.
చివరి అక్షరానికి గుడి ఎగిరిపోయి
రోహిణ అయ్యాను.
ఏడాది అప్రెంటిసు, తాపీ పని.
ఐటీఐ జిరాక్సులు మూడు, ఫొటోలు రెండు,
ఆడపిల్లకి ఇదేం సరదా అని గుమస్తా నవ్విన నవ్వు ఒకటి.
ఆ నవ్వు ఏ ఫైల్లోనూ కుట్టలేదు.

ఆమదాలవలస రైలు గేటుకి ఇవతల,
మూతపడ్డ పంచదార ఫ్యాక్టరీ వైపు పోయే వీధిలో
వెయ్యిన్నూట యాభై అడుగుల మురుక్కాలవ.
అదే నా బడి.

మేస్త్రీ తవిటయ్య
ఇరవై రెండేళ్ళు గాలివాటంగా తిరిగిన మనిషి.
హైదరాబాదులో ఏవో స్తంభాలు,
చెన్నైలో ఏదో మేడ. పేరు గుర్తులేదట,
పదహారో అంతస్తు నుంచి సముద్రం కనిపించేదట.
సొంత ఊళ్ళో కడుతున్న మొదటి గోడ ఇది,
అదీ నేల కింద.

రసమట్టం నా చేతికిచ్చాడు.
బుడగ సరిగ్గా మధ్యకొచ్చిందని నేను సంబరపడితే
తల అడ్డంగా ఊపాడు.
"ఇల్లయితే అలగే ఉండాల.
కాలవ అలగుంటే దోమలకి ఇల్లు కట్టినట్టే.
వంద అడుగులకి ఆరంగుళాల వాటం.
దిగుతున్నట్టు నీటిక్కూడా తెలకూడదు."

తాపీ ఎడమ చేత్తో పట్టాను.
పలక దగ్గర ఒకసారి, కంచం దగ్గర వందసార్లు
దెబ్బ తిన్న చెయ్యి.
దాచుకోబోతే చూసేశాడు.
"ఎడంవాటవా? మరీ మంచిది.
ఆ పక్క గోడ నువ్వెత్తు,
నాకు సెయ్యి తిరగని మూలలున్నాయి."

మొదటి నలభై అడుగులు నావే.
బిందెడు నీళ్ళు పోశాడు.
నీళ్ళు కొంత నడిచి,
నడుం నొప్పొచ్చినట్టు మధ్యలో కూర్చుండిపోయాయి.
ఎదురింటి అరుగు మీద ముసలమ్మ
"గుంట బాగానే కట్టినాది, గేదెలు తాగడానికి" అంది.
మేస్త్రీ ఏమీ అనలేదు,
గునపం తెచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టాడు.
కట్టడానికి మూడు రోజులు,
పగలగొట్టడానికి ఒక పూట.
వాటం ఎక్కడ చచ్చిందో
ఆ పూటే తెలిసింది.

ఒక శుక్రవారం కంట్రాక్టరు మనిషొచ్చి వెళ్ళాక
ఆరు తట్టల ఇసక ఎనిమిదైంది.
సిమెంటు మాత్రం ఒకటే.
"దీన్నేటంటారు మేస్త్రీ?"
బీడీ వెలిగించుకున్నాడు. చాలాసేపు కాల్చాడు.
"సేతివాటం.
అది నేర్పడానికి నన్నెట్టలేదు."

నా పుస్తకంలో ఒక గడి ఉంది,
ఈరోజు నేర్చుకున్నది అని.
ఒకటికి ఎనిమిది, అని రాశాను.
తేదీ వేశాను.
నెలాఖరున సంతకాలు వచ్చాయి,
ఆ గడి ఒక్కటీ ఖాళీగా.
స్టైపెండు రెండు నెలలు ఆలస్యం.
దానికీ దీనికీ సంబంధం లేదన్నారు.
ఉండకపోవచ్చు.

మొన్న రాత్రి పెద్ద వాన.
గొడుగేసుకుని టార్చితో వెళ్ళాను.
బిల్లులు అయిపోయాయి, పలకలు ఇంకా మూయలేదు.
నీరు వెళ్తోంది.
ఎవరి పిల్లాడిదో ఒంటి చెప్పు
నురగ మీద ఎక్కి, తొందర లేకుండా,
నా నలభై అడుగులూ దాటింది.
పక్కనే నడిచాను, దానికంటే ముందు పడకుండా.

ఎనిమిది తట్టల చోట
పెచ్చు ఊడిన అంచుకి తగిలి ఆగింది.
వంగి, ఎడమ చేత్తో కదిపాను.
గేటు దాకా వెళ్ళింది.

తెల్లారి అక్కడే ఒక కుర్రాడు
ఒక కాలికి చెప్పుతో నిలబడి
కాలవలోకి చూస్తున్నాడు,
ఇది ఇటెలా వచ్చిందా అని.